పెట్టెలో ఏడో కారు

"మళ్ళీ మొదటి నుంచీ చెప్పు మిరేయా. ఈసారి టైములతో సహా," అంది ఫిలోమెనా.

మిరేయా చేతికంటిన పిండిని ఏప్రన్‌కి తుడుచుకుంది. శనివారం, మధ్యాహ్నం మూడూ యాభై. ముందు కొట్లో వేడి బున్యోల్స్ కోసం, నూనెలో వేయించి పంచదార అద్దిన ఉండల కోసం, జనం వరస కట్టి ఉన్నారు. ఆ వరసని చెల్లెలికి అప్పగించి, బేకరీ వెనక గదిలోకి వచ్చి కూర్చుంది. గోడ నుంచి గోడ దాకా బల్లలు, వాటి మీద మెలికలు తిరిగే నల్ల ప్లాస్టిక్ దారి. దారి మధ్య సన్నటి గాడి, గాడికి అటూ ఇటూ కరెంటు పారే ఉక్కు పట్టాలు. అరచేతిలో ఇమిడే స్లాట్ కార్లు ఆ గాడి పట్టుకుని పరిగెడతాయి.

"నిన్న శుక్రవారం పొద్దున పదింపావుకి కొరియరతను పెట్టె తెచ్చాడు. సీలు వేసింది వేసినట్టే ఉంది. సాయంత్రం నాలుగున్నరకి పందేల సంఘంవాళ్ళు ఎనిమిది మంది ముందు తెరిచాను. దొర్లిపోకుండా ఉంటాయని పన్నెండు కార్లనీ రొట్టెలు కాల్చే ఇనప పళ్ళెంలో పేర్చాను. నాలుగూ నలభైకి తూకం కోసం ఒక్కోటీ ఎత్తుతున్నాను. ఏడో నంబరు రానంది పిన్నీ."

"రానందంటే?"

"పళ్ళేనికి అతుక్కుపోయింది. గట్టిగా లాగితే టక్కుమని ఊడింది. ఎనిమిది మందీ విన్నారు. తనిఖీ చేసే క్లిమెంట్ గారు గబగబా వచ్చి కారు తీసుకుని, బరువు కోసం అడుగున అంటించిన సీసం రేకు పైకెత్తారు. దాని కింద గోరంత అయస్కాంతం."

ఫిలోమెనా తలాడించింది. ముప్పయ్యొక్క ఏళ్ళు బీమా కంపెనీలో నష్టాలు తేల్చిన మనిషి ఆమె. కాలిపోయిన గోడౌన్లో అడుగుపెడితే అంటించినవాడి ఇంటి పేరు చెప్పేదని ఇగ్వలాదలో అనుకునేవారు. రిటైరయ్యాక ఊళ్ళోవాళ్ళ చిక్కులు విప్పుతోంది. ఈ చిక్కుకి ఫీజు ఒక అట్టపెట్టెడు బున్యోల్స్. అందులో నాలుగు అప్పటికే అయిపోయాయి.

అయస్కాంతం సంగతి ఆమెకి నిన్ననే చెప్పారు. అది ఉంటే ఉక్కు పట్టాలు కారుని కిందికి లాగి పట్టుకుంటాయి. మలుపులో ఎంత జోరుగా తిప్పినా ఎగిరిపడదు. పిల్లల ఆటలో అయితే ముచ్చట, ఈ పందేల్లో అయితే మోసం.

ఇవి మారుచేతి పందేలు. చేసేవాడొకడు, తోలేవాడొకడు. జనవరిలో పన్నెండు మంది తమ చేత్తో చేసిన కార్లని చెక్కపెట్టెలో పెట్టి సాగనంపుతారు. పెట్టె ఆరు ఊళ్ళు తిరుగుతుంది. ఏ ఊళ్ళో ఆ ఊరివాళ్ళే అన్ని కార్లనీ తోలతారు. జూన్‌లో ఇంటికొచ్చేదాకా, ట్రాకు యజమాని ఎదురుగా తప్ప, చేసినవాడు తన కారుని వేలితో తాకకూడదు. పెట్టెతోపాటు ఒక నోటుపుస్తకం తిరుగుతుంది. చుక్క నూనె వేసినా, మర బిగించినా, చెయ్యి జారి కింద పడేసినా అందులో రాసి సంతకం పెట్టాలి. గెలిచినవాడికి దక్కేది ఒక పంది తొడా, పుస్తకం చివరి పేజీలో పేరూ. ఆ పేరు కోసం చలికాలమంతా గ్యారేజీల్లో గడిపేవాళ్ళున్నారు.

ఏడో నంబరు బెర్నాట్ కొదీనాది. నాలుగు ఊళ్ళు తిరిగేసరికి అదే అన్నిటికన్నా ముందుంది. ఐదో పందెం రేపు ఇక్కడే. ఈ సాయంత్రం ఏడింటికి సంఘం ఓటు వేస్తుంది, ఆయన్ని గెంటేసి పుస్తకంలో ఇన్నేళ్ళ ఆయన పేరూ కొట్టెయ్యాలా వద్దా అని.

డెబ్భై మూడేళ్ళ బెర్నాట్ పిండి బస్తాల పక్కన కూర్చుని ఉన్నాడు. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నా సాసరు మీద టకటకలాడుతూనే ఉంది. ఫిలోమెనా తన కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుంది.

"అయస్కాంతం మీరు పెట్టారా?"

"లేదు."

"ఆ ముక్క గట్టిగా చెప్పకపోయారా?"

"నిన్న ఒకసారి చెప్పాను. రెండోసారి చెబితే అబద్ధంలా వినబడుతుందమ్మా."

ఆ జవాబు ఆమెకి నచ్చింది. అబద్ధాలాడేవాళ్ళకి ఇంత పొదుపు తెలీదు.

"ఈ కారు చెయ్యడానికి ఎంత కాలం పట్టింది?"

"పదకొండు నెలలు. ఒకప్పుడైతే రెండు." బెర్నాట్ కప్పు కింద పెట్టి చేతులు ముందుకు చాచాడు. ఆకుల్లా వణుకుతున్నాయి. "తోలడం ఎప్పుడో పోయింది. చెయ్యడం ఒక్కటే మిగిలింది. ఇంకోటి చెయ్యలేనని నాకు తెలుసు, ఇదే ఆఖరు. ఆ ఆఖరి దాని మీద దొంగ అని రాస్తారట. రాసుకోమను. నా భార్యకి మాత్రం ఇంకా చెప్పలేదు."

"నిన్న కారు చేతిలోకి తీసుకుని చూశారా?"

"చూడనిస్తేగా. ముద్దాయి సాక్ష్యాన్ని ముట్టకూడదన్నాడు క్లిమెంట్."

నాలుగూ ఐదుకి ఆ క్లిమెంటే వచ్చాడు. క్లిమెంట్ రిపోల్, నలభై ఎనిమిదేళ్ళు, తొమ్మిదేళ్ళుగా ఈ పందేలకి తనిఖీదారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో నీలం ఫైలు, ఎడమ బొటనవేలికి చిన్న ప్లాస్టరు. చేతిలో సీలు వేసిన ప్లాస్టిక్ సంచి, సంచిలో ఏడో కారు.

"మీరు బీమా మేడమ్ కదా?" అన్నాడు నిలబడే. "ఇక్కడ ఎవరూ చావలేదు, ఏదీ కాలలేదు."

"ఒకాయన పరువు కాలుతోందంటే చూసిపోదామని వచ్చాను."

"విచారణ నేను పూర్తి చేశాను. రిపోర్టు పదకొండు పేజీలు. ఇంకో విచారణ అక్కర్లేదు."

"చదివాను. పదకొండు పేజీల్లో 'బహుశా' అన్న మాట ఒక్కసారి కూడా లేదు. నా ఉద్యోగంలో అలాంటి రిపోర్టులు రెండే రకాలవాళ్ళు రాయగా చూశాను. ఏమీ తెలియనివాడు ఒకడు, అంతా తెలిసినవాడు ఒకడు. ఆ సంచి విప్పండి."

"ఓటు అయ్యాక."

"అయ్యాక ఎందుకు, శ్రాద్ధానికా?"

క్లిమెంట్ ఫైలు ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "నియమాలు తెలియకుండా మాట్లాడకండి మేడమ్."

"నాకు తెలుసు," అంది మిరేయా. "తన ట్రాకు మీదికి వచ్చిన ఏ కారునైనా, ఎప్పుడైనా విప్పి చూసే హక్కు ట్రాకు యజమానిది. తొమ్మిదో నియమం. రాసింది మీరేనండి."

సంచి విప్పక తప్పలేదు. ఫిలోమెనా కళ్ళజోడు పెట్టుకుని కారుని తూకం మీద ఉంచింది. అంకెలు 84.6 గ్రాముల దగ్గర ఆగాయి. జనవరిలో బెర్నాట్ రాసిన కార్డు మీద కూడా 84.6. అయస్కాంతం ఊడదీసి మళ్ళీ తూచింది. 82.7.

"ఇతరుల కారులో అయస్కాంతం దూర్చేవాడు బరువు పెంచేస్తాడు. ఇక్కడ పెరగలేదు. అయస్కాంతాన్ని కూడా లెక్కలో కలుపుకుని సీసం కోశారు."

"నేను రాసిందీ అదే," అన్నాడు క్లిమెంట్. "అంత తీరిగ్గా కోయగలిగింది చేసినవాడే. జనవరిలోనే పెట్టి పంపారు."

"నాలుగు ఊళ్ళలోనూ తనిఖీ మీదే. నాలుగుసార్లూ కనబడలేదా?"

"సీసం కింద ఉంటే ఎలా కనబడుతుంది? ఫిర్యాదు లేకుండా సీసం ఊడదీసే అధికారం నాకు లేదు. అక్కడి బల్లలు చెక్కవి, అతుక్కోలేదు. ఇంకేమైనా అడుగుతారా?"

జవాబు గట్టిగానే ఉంది. ఫిలోమెనా కారుని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. బెర్నాట్ ఆమె వైపు చూసి చూపు దించుకున్నాడు. ఆ దించుకోవడం ఆమెకి బాధ కలిగించింది.

"మిరేయా, ఆ నాలుగు ఊళ్ళ ట్రాకులూ నీదిలాంటివేనా?"

"కాదు పిన్నీ. అవి చెక్క ట్రాకులు. గాడి పక్కన రాగి పట్టీ అంటిస్తారు. ఉక్కు పట్టాలు నా దగ్గరే."

"రాగిని అయస్కాంతం పట్టదు. అంటే ఆ నాలుగు గెలుపుల్లో దీని సాయం లేదు."

"ఐదో ఊరి కోసం దాచుకున్నారు," అన్నాడు క్లిమెంట్ వెంటనే.

"దాచుకున్నారే అనుకుందాం. రాగి మీద నాలుగు పందేలు పరిగెడితే కారుకి ఎక్కడ గుర్తు పడుతుంది మిరేయా?"

"మూతి కింద. ఇవిగో, కరెంటు అందుకునే రెండు జడలు. కలాయి పూసిన తీగల అల్లిక. రాగి మీద రాసుకుని రాసుకుని కలాయి పోయి ఎర్రబడతాయి."

ఫిలోమెనా పన్నెండు కార్లనీ వరసగా వెల్లకిలా పడుకోబెట్టింది. ఆరో నంబరు జడలు ఎర్రగా ఉన్నాయి. ఎనిమిదోవి కూడా. ఒకటి నుంచి పన్నెండు దాకా వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. పదకొండు కార్ల జడలు ఎరుపు. ఏడో దానివి మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి, మధ్యలో సన్నటి బూడిద గీత.

"ఈ కారు రాగి మీద ఒక్క చుట్టు కూడా తిరగలేదు. తిరిగిందల్లా ఉక్కు పట్టాల మీదే," అంది నెమ్మదిగా.

"జడలు అరిగితే మారుస్తారు. మామూలే," అన్నాడు క్లిమెంట్.

"ఒకసారి ఇలా ఇస్తారా," అన్నాడు బెర్నాట్.

క్లిమెంట్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఫిలోమెనా ఆ చెయ్యి కిందనుంచి కారుని పెద్దాయన అరచేతిలో పెట్టేసింది. బెర్నాట్ కళ్ళు మూసుకున్నాడు. వణికే బొటనవేలితో కారు నడుం నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాడు.

"ఇది నా కారు కాదు."

క్లిమెంట్ నవ్వాడు. "ఇంకేమంటారు మరి."

బెర్నాట్ ఆ నవ్వు పట్టించుకోలేదు. కారు పై తొడుగుని మిరేయా చేత విప్పించాడు. తొడుగుకీ చట్రానికీ మధ్య, మరల దగ్గర, కాగితమంత పలచటి తోలు ముక్కలున్నాయి. అదుర్ని మింగడానికి ఆయన చేసుకున్న ఏర్పాటు అది. నలభై ఏళ్ళు తోళ్ళ కార్ఖానాలో పనిచేసిన మనిషికి తప్ప తట్టదు.

"నేను వేసేది మేకతోలు. ఇది దూడతోలు. మిగతాదంతా అచ్చు నాదే. కాదు, నాది కూడా కాదు. ఈ అంచు చూడమ్మా. కత్తితో ఎలా పలచబరిచాడో. నాకెప్పుడూ ఇంత సాఫీగా రాలేదు." ముద్దాయినన్న సంగతి మర్చిపోయినట్టు ఆయన మొహం వెలిగింది. "ఎవరు చేశారో గాని వాడి చెయ్యి నా చెయ్యి కన్నా మంచిది."

ఫిలోమెనా కారు వైపు చూడడం లేదు. క్లిమెంట్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయి పెదవి బిగించాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. మెచ్చుకుంటే తడుముకునేవాణ్ణి చూడడం ఇదే మొదలు.

"జడలు మారిస్తే పుస్తకంలో ఉండాలిగా," అంటూ నోటుపుస్తకం తెరిచింది. జడల మాట ఎక్కడా లేదు. ఆమె అక్కడితో ఆగలేదు. "మార్చి రెండు, ఆదివారం. నాలుగో పందెం తర్వాత తూకం. రాసింది మీరు. ఒకటో నంబరు 7:31. రెండు 7:33. మూడు 7:35. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆరు 7:41. ఏడు, 8:04."

ఆమె వేలు కింది వరసకి జారింది.

"ఎనిమిది 8:06. మళ్ళీ రెండేసి నిమిషాలే. ఏడో దానికి మాత్రం ఇరవై మూడు నిమిషాలు."

"మధ్యలో కాఫీ తాగాను."

"ఇది తొమ్మిదేళ్ళ పుస్తకం. తొమ్మిదేళ్ళలో మీరు ఒక్కసారి కూడా కాఫీ తాగలేదు." ఫిలోమెనా లేచి పెట్టె మూత తిప్పింది. కొరియర్ చీటీ ఇంకా అంటుకునే ఉంది. "అప్పగించింది గురువారం, పదమూడో తేదీ, సాయంత్రం ఆరూ ఇరవై. పదకొండు రోజులు. ఈ పెట్టె అన్ని రోజులు ఎవరింట్లో ఉంది మిరేయా?"

"ఎప్పుడూ మంగళవారానికల్లా వచ్చేసేది. ఈసారి ఆలస్యమేమిటని నాలుగో ఊరివాళ్ళకి ఫోన్ చేస్తే, బరువులు సరిచూస్తానని క్లిమెంట్ గారు ఇంటికి తీసుకెళ్ళారన్నారు."

"ఆఫీసు పని ఒత్తిడి. ఆలస్యమైతే నేరమా?" క్లిమెంట్ గొంతులో ఇస్త్రీ మడత కాస్త నలిగింది.

బెర్నాట్ లేచి రెండడుగులు వేసి అతని ఎదుట నిలబడ్డాడు. "ఆ ప్లాస్టరు తియ్యి నాయనా."

"ఎందుకు?"

"తోలు పలచబరిచే కత్తి పట్టిన కొత్తలో అందరికీ అక్కడే తెగుతుంది. ఎడమ బొటనవేలు, గోరు పక్కన, ఏటవాలుగా. నాకూ తెగింది, మా నాన్నకీ తెగింది. తీసి చూపించు. అలా లేకపోతే ఏడింటికి నేనే లేచి, అయస్కాంతం నేనే పెట్టానని చెబుతాను."

"పెద్దాయనా, అలాంటి పందేలు కట్టకండి," అంది ఫిలోమెనా.

క్లిమెంట్ తియ్యలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, కాసేపటికి కుర్చీలో కూలబడ్డాడు. నీలం ఫైలు ఒళ్ళోంచి జారింది. వంగి తీసుకోలేదు.

"చెయ్యి జారింది," అన్నాడు. "తూకం మీద పెట్టబోతుంటే జారి గచ్చు మీద పడింది. ఇత్తడి చట్రం రెండు ముక్కలైంది. గదిలో ఎవరూ లేరు. పుస్తకం తెరిచే ఉంది. ఎవరెవరు ఏం పడేశారో తొమ్మిదేళ్ళు నేనే రాశాను. మూడేసి పాయింట్లు కోశాను. మిరేయాని ఒకసారి ఏడిపించాను కూడా. నా పేరు రాయబోతే చెయ్యి కదల్లేదు."

"అందుకని?"

"దానికన్నా మంచిది చేసి పెడితే చాలనుకున్నాను. ముక్కల్ని చూస్తూ కొలతలు తీశాను. మేకతోలు దొరకలేదు. ఇంట్లో ఉన్నది మా పిల్లల చిన్నప్పటి ప్లాస్టిక్ ట్రాకు, ఉక్కు పట్టాలది. గేర్లు సర్దుకునేదాకా తిప్పుదామంటే మలుపుల్లో ఎగిరిపోతోంది. అయస్కాంతం పెట్టి తిప్పాను. అలాగే తూకం సరిచేశాను. తియ్యడం మర్చిపోయాను."

"కంచే చేను మేసిందన్నమాట," అంది మిరేయా.

ఫిలోమెనాకి కోపం ఇప్పుడొచ్చింది, మామూలుగా వచ్చేదానికన్నా ఆలస్యంగా. "జారడం తప్పు కాదు. మర్చిపోవడం తప్పు కాదు. ఆ పళ్ళేనికి అతుక్కున్నప్పుడే మీకు తెలుసు. తెలిసి కూర్చుని ఈయన మీద పదకొండు పేజీలు రాశారు. ఎన్ని గంటలు పట్టింది?"

"మూడు." అతను తల ఎత్తలేదు. "ప్రతి పేజీకీ ఆపేద్దామనుకున్నాను."

బెర్నాట్ అతని మీదికి ఇంకో అడుగు వేశాడు. ఫిలోమెనా ఆయన చెయ్యి చేసుకుంటాడేమో అనుకుంది, చేసుకున్నా ఆపేది కాదు.

"నిన్న రాత్రి నేను పడుకోలేదు," అన్నాడు చివరికి. "ఎక్కడ తప్పు చేశానా అని పదకొండు నెలలూ వెనక్కి తిరగేసుకున్నాను. నా బుర్ర కూడా వణుకుతోందేమో, నేనే పెట్టి మర్చిపోయానేమో అనుకున్నాను. అంత దాకా తెచ్చావు. నా కారేది?"

"బయట, నా కారు డిక్కీలో. ఒక్క ముక్క కూడా పారెయ్యలేదు."

తెచ్చాడు. పత్తిలో చుట్టి సబ్బుపెట్టెలో పెట్టిన ముక్కలు. జడలు ఎర్రగా ఉన్నాయి. బెర్నాట్ చట్రం రెండు ముక్కల్నీ దగ్గరకి చేర్చబోయాడు. మూడుసార్లూ కొసలు తప్పాయి. నాలుగోసారి ప్రయత్నించకుండా బల్ల మీద పెట్టేశాడు.

"అతికితే రేపు పరిగెడుతుందా?" అడిగింది ఫిలోమెనా.

"పరిగెడుతుంది. గంట పని. ట్రాకు యజమాని ఎదురుగా బాగుచేసి పుస్తకంలో రాస్తే చెల్లుతుంది. కాని ఈ చేతులతో కాదు."

మిరేయా పట్టాలు అతకడానికి వాడే సోల్డరింగ్ ఐరన్ అప్పటికే ప్లగ్గులో పెట్టేసింది. గడియారం ఐదూ పన్నెండు చూపిస్తోంది. బెర్నాట్ నోటుపుస్తకాన్ని బల్ల మీదుగా క్లిమెంట్ ముందుకు తోశాడు.

"ముందు రాయి."

క్లిమెంట్ కలం తీశాడు. 'మార్చి 2. 7:43. ఏడో నంబరు కింద పడి చట్రం విరిగింది. పడేసింది, దాచింది క్లిమెంట్ రిపోల్.' సంతకం పెట్టి, పక్కన తనకి తానే మూడు పాయింట్లు రాసుకోబోయి ఆగాడు. అతనికి కొయ్యడానికి పాయింట్లేవీ లేవు. అతనెప్పుడూ సొంత కారుతో పోటీ చెయ్యలేదు.

"ఏడింటికి ఇదంతా మీ నోటితోనే చదవాలి," అంది ఫిలోమెనా.

"చదువుతాను. నన్ను గెంటేస్తారు."

"గెంటితే గెంటుతారు," అన్నాడు బెర్నాట్. "నేను నిన్ను క్షమించానని కూడా అనుకోకు, దానికి టైము పడుతుంది. ఏడింటిదాకా మాత్రం నీ చేతులు నావి. ఇటు వచ్చి కూర్చో. మొన తడిగుడ్డతో తుడువు. ఊఁ, ఇప్పుడు పట్టుకో."

క్లిమెంట్ పట్టుకున్నాడు. పక్కనే స్టూలు మీద బెర్నాట్ కూర్చుని, విరిగిన చోటు మీదికి వంగాడు. ఇత్తడి మీంచి సన్నటి పొగ లేచింది.

"తొందరపడకు. ముందు ఇత్తడి వేడెక్కాలి, అప్పుడు దానంతటదే పట్టుకుంటుంది. అదీ. అలా." పెద్దాయన తల ఎత్తకుండానే అన్నాడు. "వచ్చే ఏటి కారుకి మాత్రం మేకతోలే వేద్దాం. ఎక్కడ దొరుకుతుందో నేను చూపిస్తాను."